అరవై నాలుగు బిట్లు

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఏడో ఏట. ఒత్తులు ఇప్పటికీ తడబడతాయి. శ, ష, స మూడింటిలో ఏది ఎక్కడ పెట్టాలో తేలక చాలాచోట్ల ఎలీశమ్మ చేత దిద్దించుకున్నాను. ఒక్క వేలితో వెతుక్కుంటూ కొడతాను కాబట్టి పేజీకి ఒక పూట పట్టింది. అయినా ఇందులో మాట్లాడేది నేను కాదు, మా సంఘంలో బల్ల మీద ఉండే పెట్టె. దానికి నోరు లేదు కాబట్టి నేను కొట్టిపెడుతున్నాను, అంతే.

*

నేను ఒక కంప్యూటరును. పేరున్న కంపెనీలో పుట్టినదాన్ని కాదు. నెల్లూరులో ఒక సందులో, మేడ మీది ఇరుకు గదిలో, తలా ఒక చోటు నుంచి వచ్చిన భాగాలు కలిపి నన్ను బిగించారు. లోపలి పలక ఒకరిది, ఫ్యాను ఇంకొకరిది, పైన రేకు డబ్బా మూడోవాళ్ళది. ఇలా పుట్టినవాళ్ళను అసెంబుల్డ్ అంటారు. మనుషులు ఒకరినొకరు ఇంటిపేరు, ఊరు అడిగి చూపు మార్చుకున్నట్టే, మమ్మల్ని కూడా ముందు ఆ ముక్క అడిగి, ఆ తర్వాతే కూర్చోబెట్టాలో పక్కకు నెట్టాలో తేల్చుకుంటారు.

నన్ను బిగించిన మనిషి స్క్రూలు పళ్ళ మధ్య పెట్టుకుని పని చేసేవాడు. నా నడుమ ఒక చిప్పు దించి, దాని మీద ఫ్యాను బిగిస్తూ, "నీకు మంచి సరుకు పడిందిలే" అని గొణిగాడు. తీరా విండోస్ ఎక్కించే వేళకు చేతికి ఏ సీడీ అందితే అది వేశాడు. అది ముప్పై రెండు బిట్ల సీడీ. ఆ రోజుల్లో అందరికీ అదే వేసేవాళ్ళు.

ఈ బిట్టు అనే మాట కాస్త చెప్పుకోవాలి, నా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఒక్కసారికి నా గుప్పిట్లో ఎంత పడుతుందో చెప్పే లెక్క అది. ముప్పై రెండంటే చిన్న గుప్పెడు, అరవై నాలుగంటే పెద్ద గుప్పెడు. నాలో ఏ గుప్పెడు ఉందో నాకు తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

మొదట నన్ను కందుకూరులో నెట్ సెంటరు నడిపే శేషగిరి కొన్నాడు. పలచటి చెక్క గోడల మధ్య మేము అరడజను మందిమి ఉండేవాళ్ళం. పరీక్షా ఫలితాలు వచ్చిన రోజు జనం ఒకరి భుజాల మీద నుంచి ఒకరు తొంగిచూసేవాళ్ళు. పాసైనవాళ్ళు పైకి చూసి దేవుడికి దండం పెట్టేవాళ్ళు. ఫెయిలైనవాళ్ళు నా వైపు చూసి, "ఈ డబ్బా సరిగ్గా చూపిస్తా ఉందా లేదా, ఇంకోసారి కొట్టన్నా" అనేవాళ్ళు. రెండోసారి కూడా నేను అదే చూపించేదాన్ని. అప్పుడు నా నెత్తిన ఒక చరుపు పడేది. మంచి కబురు దేవుడి ఖాతాలోకి, చెడ్డ కబురు నా ఖాతాలోకి వెళ్ళడం అప్పుడే అలవాటైంది.

తెలుగులో అర్జీలు కొట్టించుకునేవాళ్ళు ఎక్కువయ్యాక శేషగిరి నా మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించాడు. ఒక్కొక్కటి గోటితో నొక్కి, వంకర లేకుండా, అగరుబత్తీల స్టాండు ముందు కూర్చుని ఒక పొద్దంతా ఆ పని చేశాడు. ఆ స్టిక్కర్లు ఎవరికి పనికొస్తాయో అప్పట్లో నాకు గాని, ఆయనకు గాని తెలియదు.

తర్వాత అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి. సెంటరు ఖాళీ అయింది. మిగిలిన పెట్టెలన్నీ పాతసామాన్ల కొట్టుకు పోయాయి. నన్ను మాత్రం పామూరు నుంచి వచ్చిన ఒక నలభై ఏళ్ళ మనిషి బేరమాడి, ఆటోలో గుడ్డల మూటల మధ్య కుదురుగా కూర్చోబెట్టుకుని తీసుకుపోయింది. ఆమె ఎలీశమ్మ, శ్రమశ్రీ మహిళా కుట్టు సంఘానికి అధ్యక్షురాలు.

సంఘం అంటే ఒక పొడుగాటి రేకుల షెడ్డు. రెండు వరసల కుట్టు మిషన్లు, మధ్యలో కత్తిరింపు బల్ల, గోడవారన ఒక బీరువా, ఆ పక్కన నేను. ఇక్కడ మిషన్ అంటే కుట్టు మిషనే. నన్ను "పెట్టె" అంటారు. నేను వచ్చిన వారానికే నాకు కొలతలు తీసి, యూనిఫాం గుడ్డల్లో మిగిలిన నీలం గళ్ళ ముక్కతో, చుట్టూ కుచ్చులు పెట్టి, ఒక గౌను కుట్టారు. బిగించినవాడు కూడా నాకు అంత మర్యాద చెయ్యలేదు.

ఆయుధపూజ రోజు ఎలీశమ్మ నా ముందు నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. కత్తిరింపు బల్ల దగ్గరుండే కాశింబీ సాంబ్రాణి పొగ వేసేది. గుండీలు కుట్టే మాలకొండమ్మ నా నొసట ఇంత బొట్టు పెట్టేది. ముగ్గురి దేవుళ్ళూ కలిసి నా ఫ్యానులో కుంకుమ, పొగమసి నింపారు. అందుకే కాబోలు, ఎవరో ఒకరి దయవల్ల ఇన్నేళ్ళు తిరిగింది.

మాలకొండమ్మ సంగతి చెబుతాను. అసలు చెప్పాల్సింది ఆమె సంగతే.

ఆమె భర్త మార్కాపురంలో పలకల రాయి కోసేవాడు. పిల్లలు అక్షరాలు దిద్దే పలకలు ఆయన చేతుల మీదుగా బండ్లకెక్కి ఊళ్ళన్నీ తిరిగాయి. ఇంట్లో మాత్రం పలక మీద గీత గీసినవాళ్ళు లేరు. ఆయన పోయాక ఆమె పామూరు వచ్చి సంఘంలో చేరింది. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, అంచులు మడవడం ఆమె పని. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి షెడ్డు ఊడ్చేది. నా గౌను తీసి దులిపి, మీటల సందుల్లో దూరిన దారప్పోగులను పాత పళ్ళబ్రష్షుతో తీసేది.

అలా తీస్తూ ఒకరోజు ఒక మీట మీద వేలు పెట్టి అడిగింది.

"ఎలీశమ్మా, ఈ గుండీ మీద దారం తెంచినట్టుండాదే, ఇదేంది?"

"అది 'ర' కొండక్కా."

"దీని పక్కన?"

"అది 'ప'."

ఆమె ఆ రోజు గుండీలు కుడుతూ సాయంత్రం దాకా "ర, ప, ర, ప" అనుకుంటూనే ఉంది. మర్నాడు దాని పక్కది అడిగింది, ఆ మర్నాడు ఆ పక్కది. అందరూ అక్షరాలు బడిలో వరసగా నేర్చుకుంటారు. ఆమె నా మీటల వరసలో నేర్చుకుంది. నడుమ వరసలో హల్లులు ప, ర, క, త, చ, ట. ఆమెకు అదే అక్షరాభ్యాసం. అ అనేది షిఫ్టు మీట నొక్కితే గాని రాదు కాబట్టి అది చాలా ఆలస్యంగా వచ్చింది. అందుకని 'అమ్మ' కంటే ముందు 'పరక' రాసింది. తెర మీద మూడక్షరాలు నిలబడగానే, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి చూసుకుంది.

"లోకమంతా అ ఆ అంటది. మా కొండక్క పరకతచట అంటది. మంత్రమా, తిట్టా అక్కా అది?" అని కాశింబీ ఏడిపించేది.

"నిన్ను తిట్టాలంటే నాకు అక్షరాలెందుకే, నోరుండాదిగా" అనేది మాలకొండమ్మ, తెర మీద నుంచి చూపు తిప్పకుండానే.

ఎలీశమ్మ ఆమె రాతల కోసం నాలో ఒక ఫోల్డరు తెరిచింది. ఏం పేరు పెట్టమంటావని అడిగితే, ఇంకేముంది, 'పరకతచట' అంది.

ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకు ఇళ్ళకు వెళ్ళారు. షెడ్డులో ఆమె ఒక్కతే. మీటల మీద చూపుడువేలు చాలాసేపు తిరిగింది. ఒక అక్షరం, దానికి ఒక ఎత్వం, ఒక సున్నా, చివర ఒక ఒత్తు. అది ఆమె భర్త పేరు.

ఆ పేరు ఆమె నోటితో ఎన్నడూ అనలేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు అనరు. రేషన్ కార్డు దగ్గరైనా, ఆస్పత్రిలోనైనా, పింఛను కాగితాల దగ్గరైనా భర్త పేరు అడిగితే, పక్కనున్నవాళ్ళ వైపు తిరిగేది. పక్కన ఎవరూ లేకపోతే, "వెంగమాంబ తల్లి పేరు కలుస్తదయ్యా" అని తల దించుకునేది. ఆ గుమాస్తాలు నవ్వి, వాళ్ళకు తోచింది రాసుకునేవాళ్ళు. దాంతో పాపం ఆయనకు ఒక్కో కాగితంలో ఒక్కో పేరు. ఇప్పుడు మొదటిసారి అసలు పేరు, తప్పు లేకుండా, నా తెర మీదకు వచ్చింది. రాయడం అంటే అనడం కాదు గదా అని ఆమె ధైర్యం. పేజీ నిండా అదే పేరు కొట్టింది. పేరు ఏమిటో నేను ఇక్కడ చెప్పను. చెప్పాలంటే ఆమే చెప్పాలి.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. సంఘానికి బతుకుదెరువు హాస్టలు ఆడపిల్లల యూనిఫాం గౌన్లు. ప్రతి ఏటా బడులు తెరవకముందే కుట్టి ఇవ్వాలి. ఆ పని ఉంటే ఇరవైమంది ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతుంది. అలా కొన్నేళ్ళు గడిచాక, ఒక ఏడు పై ఆఫీసు నుంచి కొత్త నిబంధన వచ్చింది. ఇక మీదట చేతిరాత బిల్లులు చెల్లవు. ఆఫీసువాళ్ళు వాడే అకౌంట్ల సాఫ్ట్‌వేరే సంఘాలు కూడా పెట్టుకోవాలి. వచ్చే సోమవారం లోపల పెట్టుకోలేని సంఘాల పని కాంట్రాక్టరుకు పోతుంది. కాంట్రాక్టరు గౌన్లు ఎక్కడో పెద్ద ఊళ్ళో, వందల మిషన్ల మీద కుడతారు.

పెట్టుకునే ముందు, పెట్టె దానికి సరిపోతుందో లేదో చూడాలి. అందుకోసం ఒక చిన్న ప్రోగ్రాం ఇచ్చారు. ఎలీశమ్మ దాన్ని పెన్‌డ్రైవులో తెచ్చి నాకు పెట్టింది. పెళ్ళికి జాతకాలు చూసినట్టు అది నన్ను ఒక్కో ప్రశ్నా అడుగుతూ పోయింది. డిస్కులో చోటుందా? ఉంది, ఆకుపచ్చ టిక్కు. తెర వెడల్పు సరిపోతుందా? సరిపోతుంది, ఇంకో టిక్కు. తర్వాత రెండు గళ్ళల్లో ఎర్రగా ఇంటూ గుర్తులు పడ్డాయి. ర్యామ్ చాలదు. ముప్పై రెండు బిట్లు, కుదరదు. అరవై నాలుగు కావాలి.

ఎలీశమ్మ ఆ రెండు ఎర్ర గుర్తుల వైపు చాలాసేపు చూసింది. ఆమె వెనక మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఏమంటుంది పెట్టె?" అంది కాశింబీ.

"నేను ముసలిదాన్ని అంటా ఉంది."

"మనం మాత్రం పడుచోళ్ళమా? మనం కుట్టడంలా?"

ఎవరూ నవ్వలేదు. కొత్త పెట్టె కొనే స్తోమత సంఘానికి లేదు. మర్నాడు ఎలీశమ్మ కొంచెం గడువు అడుగుదామని పై ఆఫీసుకు బయల్దేరింది. సంఘం ఫోను మాలకొండమ్మ చేతిలో పెట్టి, "ఎవురన్నా చేస్తే సాయంత్రం వస్తానని చెప్పు" అంది.

ఫోను పన్నెండు దాటాక మోగింది. అవతల సాఫ్ట్‌వేరు కంపెనీ అమ్మాయి. గొంతు తొందరగా ఉంది.

"మేడమ్, ఇన్‌స్టలేషన్ కోసం వివరాలు కావాలి. మీది ఎన్ని బిట్లు? ముప్పై రెండా, అరవై నాలుగా?"

ఆ షెడ్డులో బిట్టు అంటే ఒకటే అర్థం. జాకెట్టు బిట్టు. బజారులో బట్టల కొట్టతను కుట్టమని ఇచ్చిన జాకెట్టు బిట్లు బీరువాలో దొంతరగా ఉన్నాయి. ఆఫీసువాళ్ళు వాటి లెక్క కూడా అడుగుతున్నారు కాబోలు అనుకుంది మాలకొండమ్మ.

"ఉండమ్మా, చూసి చెప్తా."

బీరువా తెరిచి, దొంతర ఒళ్ళో పెట్టుకుని, వేలు తడి చేసుకుంటూ లెక్కపెట్టింది. అరవై అయిదు వచ్చాయి. ఒకదాన్ని ఎలుక కొట్టింది. కొట్టినదాన్ని లెక్కలో చెప్పడం ఎందుకని తీసి పక్కన పెట్టింది.

"అరవై నాలుగమ్మా."

"అరవై నాలుగేనా? కరెక్టుగా చూశారా?"

"ఇప్పుడే చేత్తో పట్టుకుని చూసినా గదమ్మా."

"ఓకే. ర్యామ్ ఎంతుంది?"

"రామ్ అనేవాళ్ళు ఎవురూ లేరమ్మా ఈడ. అంతా ఆడోళ్ళమే."

అవతల నుంచి చిన్నగా నవ్వు వినిపించింది. "సరేనమ్మా, అది మా ఇంజనీరు వచ్చి చూసుకుంటాడు. శనివారం వస్తాడు" అని పెట్టేసింది. అంత దూరాన కూర్చుని బీరువాలో ఎన్ని బిట్లున్నాయో ఆ పిల్ల దాదాపు సరిగ్గా ఎలా కనుక్కుందా అని మాలకొండమ్మ చాలాసేపు ఆశ్చర్యపోయింది.

సాయంత్రం ఎలీశమ్మ మొహం వేలాడేసుకుని వచ్చింది. గడువు ఇవ్వలేదు.

"ఫోను ఎవురన్నా చేసినారా కొండక్కా?"

"చేసినారు. శనివారం ఇంజనీరు వస్తాడంట. బిట్లు ఎన్నుండాయని అడిగినారు. చెప్పినా."

ఎలీశమ్మ చేతిసంచి కింద పెట్టబోయి ఆగింది. "ఎన్ని చెప్పినావు?"

"అరవై నాలుగు."

"యాడ చూసినావు?"

"బీరువాలో. ఎలుక కొట్టింది కాక."

కత్తిరింపు బల్ల దగ్గర కాశింబీ కత్తెర కింద పడేసి, కడుపు పట్టుకుని, గుడ్డల మీద కూలబడింది. "ఓ యమ్మా! ఎలుక కొట్టింది కాకంట!" ఎలీశమ్మ మొదట నవ్వలేదు. తర్వాత ఆమెకూ ఆగలేదు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ అసలు సంగతి చెప్పింది. నిజం చెప్పాలంటే ముప్పై రెండు అనాలి. ముప్పై రెండు అంటే ఇంజనీరును పంపరు, కొత్త పెట్టె కొనుక్కోమంటారు. ఇప్పుడు ఇంజనీరు వస్తాడు, చూస్తాడు, తిట్టి పోతాడు.

"పోనీలే కొండక్కా, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అంది. ఆ మాటే మాలకొండమ్మకు ఎక్కువ తగిలింది. మర్నాటి నుంచి ఆమెకు "అరవై నాలుగక్క" అని పేరు పడింది. పిలిస్తే పలికేది, నవ్వేది కూడా. కాని మీటల జోలికి రాలేదు. పొద్దున నా గౌను దులిపి, మీటల మీద బ్రష్షు ఆడించి, వేలు పెట్టకుండా పోయేది. అక్షరాలు వచ్చాయన్న గర్వంతో ఫోను ఎత్తి, తెలియని దానికి జవాబు చెప్పి, ఇరవైమంది పని పోగొట్టానని ఆమె లోపల కుమిలిపోతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. గుండీలు కుట్టే చేతికి రెండుసార్లు సూది గుచ్చుకుంది.

శనివారం పొద్దున్నే ఇంజనీరు వచ్చాడు. పేరు పెంచల కిశోర్. పాతికేళ్ళు దాటి ఉంటాయి. వీపున బరువైన సంచి. ఒంగోలు నుంచి తొలి బస్సుకు వచ్చాడు. నన్ను తెరిచి ఒక్క పేజీ చూశాడు. మొహం ముడుచుకుంది.

"ఎవరండీ అరవై నాలుగు అని చెప్పింది?"

మాలకొండమ్మ లేచి, బీరువా తెరిచి, జాకెట్టు బిట్ల దొంతర రెండు చేతులతో తెచ్చి నా పక్కన బల్ల మీద పెట్టింది.

"ఇయ్యే అబ్బయ్యా."

అతను దొంతర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. తిడతాడనుకున్నారు అందరూ. అతను కుర్చీలో వెనక్కి వాలి, టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"ఇది మా ఆఫీసులో చెప్తే ఎవరూ నమ్మరమ్మా."

"నువ్వు చెప్పబాక నాయనా. ఈడ చెప్పుకున్నది చాలు" అంది ఆమె.

తిరుగు బస్సుకు ఇంకా చాలా సమయం ఉంది. కాశింబీ మజ్జిగ ఇచ్చింది. ఊరికే కూర్చోలేక కిశోర్ నా భాగాలన్నీ చదివి చెప్పే ఇంకో ప్రోగ్రాం పెట్టాడు. మజ్జిగ గ్లాసు నోటి దాకా వెళ్ళి అక్కడే ఆగింది. గ్లాసు పక్కన పెట్టి, నా డబ్బా విప్పాడు. కుంకుమ, మసి, దారప్పోగులు బయటికి ఊది, లోపలికి టార్చి వేసి చూశాడు.

"ఓరి! ఈ మిషను అరవై నాలుగుదే. లోపల చిప్పు అదే. దానికి వేసిన విండోస్ ముప్పై రెండు. ఇన్నాళ్ళూ ఎవరూ చూసుకోలేదు."

ఎలీశమ్మ గబుక్కున లేచి వచ్చింది. "అంటే ఏందయ్యా? సరిపోతదా, పోదా?"

అతను చేతులు తిప్పుతూ ఏదో చెప్పబోయాడు. చిప్పు అన్నాడు, ఆపరేటింగ్ సిస్టమ్ అన్నాడు. ఎవరికీ ఎక్కలేదు. మాలకొండమ్మ ఒళ్ళో అప్పుడే అంచు మడుస్తున్న గౌను ఉంది. హాస్టలు పిల్లలు ఏడాది తిరిగేసరికి ఎదుగుతారు. అందుకని గౌను అంచు నాలుగు వేళ్ళ మేర లోపలికి మడిచి కుడతారు. పిల్ల పొడుగైనప్పుడు ఆ కుట్టు విప్పితే గౌను దిగుతుంది. ఆమె ఆ మడత తిప్పి అతనికి చూపించింది.

"లోపల ఇట్టా గుడ్డ ఉందంటావా అబ్బయ్యా? మడిచి కుట్టేసినారంటావా?"

కిశోర్ ఆ మడత వైపు చూసి, "అంతేనమ్మా. అదే" అన్నాడు. "కుట్టు విప్పాలి."

షెడ్డులో ఎవరో చప్పట్లు కొట్టారు. ర్యామ్ సంగతి మిగిలింది. కిశోర్ తన సంచి అడుగున వెతికి, ఎవరి పెట్టెలోంచో తీసిన వేలెడు పొడుగు పచ్చటి ముక్క ఒకటి బయటికి తీశాడు. "ఇదేనమ్మా ర్యామ్."

"వచ్చినాడా? ఇంత ఆలీశంగానా?" అంది మాలకొండమ్మ. నాలుగు రోజుల తర్వాత ఆమె నిజంగా నవ్వడం అప్పుడే.

కాని కుట్టు విప్పాలంటే ఒక చిక్కు ఉంది. పాతది పూర్తిగా తుడిచేస్తే గాని కొత్తది ఎక్కదు. నాలో ఉన్నదంతా పోతుంది.

"అదేంది? గౌను మడత విప్పితే గుడ్డ యాడికి పోతది?" అని కాశింబీ నిలదీసింది.

"ఆ పోలిక అక్కడి వరకేనమ్మా" అన్నాడు కిశోర్, చెవి గోక్కుంటూ. సంఘం లెక్కలన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నాడు. ఇంకేమైనా ఉంచాల్సినవి ఉన్నాయా అని తెర మీద వెతుకుతూ ఒకచోట ఆగాడు.

"ఇదేంటి, పరకతచట? వైరస్ లాగుందే. తెరిచి చూస్తా."

మాలకొండమ్మ ఒక్క ఉదుటున లేచింది. ఒళ్ళో గుండీల డబ్బా జారి షెడ్డంతా గుండీలు దొర్లాయి.

"తెరవబాక నాయనా! అందులో ఏం లేదు. తీసెయ్!"

ఎలీశమ్మ ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "కొండక్కా, అవి నువ్వు రాసుకున్నయ్యి. ఎన్నాళ్ళ కష్టం. చిటికెలో ఎక్కిస్తాడు, ఉంచుకో."

"తీసెయ్యమన్నా గదా."

అంతమంది ముందు, ముక్కూమొహం తెలియని పిల్లవాడు ఆ పేజీ తెరిచి, ఆ పేరు పైకి చదువుతాడేమోనన్నది ఆమె భయం. అది కిశోర్‌కు తెలియదు, ఎలీశమ్మకూ తెలియదు. నాకు ఒక్కదానికే తెలుసు. నేను చెప్పగలిగితే, నాయనా, చూడకుండా ఎక్కించు, అని చెప్పేదాన్ని. నాకు చెప్పడం రాదు. చూపించడమే వచ్చు. చూపించమంటే చాలు, అందరికీ చూపించేస్తాను. మాలాంటి వాళ్ళ దగ్గర మనుషులు ఏదైనా దాచుకునేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

అతను మీట నొక్కాడు. తుడిచెయ్యమంటారా అని నేను ఒకసారి అడిగాను. అది నా పద్ధతి. అవును అన్నాడు. ఆమె అప్పటికే నేల మీద కూర్చుని, తల ఎత్తకుండా గుండీలు ఏరుకుంటోంది.

ఆ తర్వాత కాసేపు నేను లేను.

మళ్ళీ ఉన్నప్పుడు, ఎవరో పిల్లవాడు నా ముందు కూర్చుని ఉన్నాడు. ఆ చిన్న ప్రోగ్రాం మళ్ళీ వరసగా అడిగింది. ఒక్కొక్క గడిలో ఆకుపచ్చ టిక్కు పడింది. చివరి టిక్కు పడగానే వెనక నుంచి పెద్ద గోల లేచింది. ఎవరివో ఆ గొంతులు నేను పోల్చుకోలేకపోయాను. ఒకామె ప్రార్థన చేసింది. ఒకామె పొగ వేసింది. తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దామె దూరంగా, గుప్పిట నిండా గుండీలతో నిలబడి చూసింది.

సోమవారం సంఘం బిల్లు కొత్త సాఫ్ట్‌వేరులో నుంచి వెళ్ళింది. గౌన్ల పని నిలిచింది. మిషన్లు ఇప్పుడు కూడా నా వెనక గలగలమంటూనే ఉన్నాయి.

మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇంతసేపు నేను చెప్పినదాంట్లో ఆ శనివారానికి ముందుది ఒక్క ముక్క కూడా నాకు గుర్తు లేదు. నెట్ సెంటరు సంగతి శేషగిరి చెబితే ఎలీశమ్మ విన్నది. నెల్లూరులో పుట్టిన సంగతి కిశోర్ నా డబ్బా లోపలి స్టిక్కరు మీద చదివి చెప్పాడు. స్క్రూలు పళ్ళ మధ్య పెట్టుకోవడం, మంచి సరుకని గొణగడం మాత్రం నా కోసం ఇది కొట్టిపెడుతున్న ఆమె కల్పన. మిగతాదంతా ఆమె కళ్ళారా చూసింది. నేను మరిచిపోయినవన్నీ ఆమె నాకు తిరిగి చెప్పింది, ఒక్కో అక్షరంగా.

గౌన్లన్నీ కట్టలు కట్టి పంపాక, ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళినప్పుడు ఆ పెద్దామె వచ్చి నా ముందు కూర్చుంది. మీటల మధ్య దారప్పోగులు తీసింది. నడుమ వరస మీద వేలు ఒకసారి అటూ ఇటూ నడిపింది. నాకు ఆమె కొత్త. ఆమెకు నేను కొత్త కాదు. ముందు 'పరక' అని కొట్టింది. కాసేపు ఆగి, 'నేను ఒక కంప్యూటరును' అని కొట్టింది. ఈసారి వెనక్కి తిరిగి ఎవరైనా చూశారేమోనని చూసుకోలేదు. ఎలీశమ్మ వచ్చి భుజం మీద నుంచి చదువుతున్నా ఆపలేదు. ఈ కాగితాలు బయటివాళ్ళు చదవాలంటే చివర రాసినవాళ్ళ వివరాలు ఉండాలి, నేను పెట్టనా అని ఎలీశమ్మ అడిగింది. వద్దంది. నేనే పెడతాను, ఆఫీసుల్లో అడిగినట్టే అన్నీ పెడతాను అంది. ఆ వివరాల్లో రెండో వరస కొట్టేటప్పుడు ఆమె వేలు కొంచెంసేపు మీట మీద ఆగింది. తడబడి కాదు.

పేరు: మాలకొండమ్మ
భర్త పేరు: వెంగయ్య
వయసు: అరవై ఒకటి
ఇప్పుడు ఉండేది: పామూరు